అత్తయ్య గ్లాసులో నీళ్ళు

గుడివాడ దాటి ముదినేపల్లి వైపు వెళ్తుంటే చేపల చెరువుల మధ్య లేత గులాబీ రంగు మేడ ఒకటి కనిపిస్తుంది. మంచాన పడిన పెద్దవాళ్ళని చూసుకునే హోమ్ అది. మా అత్తయ్యని అక్కడ చేర్చవచ్చా లేదా అని తేల్చడానికి నేనూ మా ఆవిడా మొదటిసారి వెళ్ళిన రోజున నేను చేసిన తనిఖీ చాలా లోతైనది. ముద్దపప్పు చూశాను. అందులో వేసిన నెయ్యి వాసన చూశాను. గుత్తి వంకాయ కాయ కాయగానే ఉందా, చిదికిపోయిందా చూశాను. పెరుగు గిన్నెని విస్తరి మీద వంచి చూశాను. పెరుగు కదల్లేదు సరికదా, గిన్నెని గట్టిగా పట్టుకుని నావైపు తిరిగి చూసింది. దాంతో తనిఖీ ముగిసింది.

తిరుగు బస్సులో మా ఆవిడ, "బాత్రూముల్లో పట్టుకోవడానికి కడ్డీలు పెట్టారు, అది బానే ఉంది. ఆయాలు ఎంతమంది ఉంటారో అడిగారా?" అంది.

"ఆ వంకాయ వండినవాళ్ళు మనిషిని అన్యాయం చెయ్యరు" అన్నాను.

"నేను అడిగింది ఆయాల గురించి."

"నేను చెప్పిందీ అదే."

నన్ను తప్పు పట్టే ముందు మా వంశం గురించి కొంచెం తెలియాలి. మాకు ఏ నిర్ణయమైనా విస్తరి ముందే జరుగుతుంది. మా పెదతాత ఒకాయన పెళ్ళిచూపులకి పెడన వెళ్ళి, పిల్లని చూసి మురిసిపోయి, చారు నోట్లో పెట్టుకుని లేచి వచ్చేశాడట. ఆ చారు దెబ్బకి జన్మంతా బ్రహ్మచారిగా ఉండిపోయాడు. మా నాన్న బ్యాంకు మార్చింది కూడా, అక్కడి ఆఫీసరు తెప్పించిన కాఫీలో చికోరీ ఎక్కువైందనే. ఇలాంటి రక్తం ఒంట్లో పెట్టుకుని నేను ఆయాల గురించి అడుగుతానని మా ఆవిడ ఎలా అనుకుందో తెలియదు.

అత్తయ్య మా నాన్నకి అక్క. అవనిగడ్డలో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. ఆవిడ క్లాసులో "కూర్చోండి" అంటే కృష్ణ అవతలి ఒడ్డున మేస్తున్న గేదెలు కూడా కూర్చునేవని చెప్పుకునేవారు. ఆ గేదెలని నేను స్వయంగా చూడలేదు గానీ, నమ్ముతాను. మావయ్య చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. ఆ ఖాళీనంతా ఆవిడ వంటింటితో నింపేసింది. బందరు నుంచి గానీ గుడివాడ నుంచి గానీ ఆఫీసు పని మీదో కోర్టు వాయిదాకో అవనిగడ్డ వచ్చిన చుట్టం ఎవరైనా సరే, బస్సు దిగి నేరుగా ఆవిడ ఇంటికి రావాల్సిందే. రాకుండా హోటల్లో తిన్నాడని తెలిస్తే, ఆ మనిషి మళ్ళీ దివిసీమలో కాలు పెట్టడానికి జంకేవాడు. వేసవి సెలవుల్లో నేను ఆ ఇంట్లో పెరిగిన బరువే ఇప్పటికీ మోస్తున్నాను. చివరి మనిషి చెయ్యి కడుక్కునేదాకా ఆవిడ మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. అది మాకు చిన్నప్పుడు వింతగా అనిపించలేదు. వడ్డించేవాళ్ళకి దాహం వెయ్యదేమో అనుకునేవాళ్ళం.

పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయాక ఆవిడని బందరులో మా ఇంటికి తెచ్చుకున్నాం. మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. బాత్రూము తలుపు ఎంత సన్ననిదంటే, నేనే పక్కకి తిరిగి ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్తాను. ఇక చక్రాల కుర్చీ సంగతి చెప్పక్కర్లేదు. అత్తయ్య ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఆవిడని లేపి కూర్చోబెట్టడమంటే రథాన్ని సందు మలుపులో తిప్పడమే. కొన్ని నెలలు తిప్పాక మా ఆవిడ నడుం పట్టేసింది. పట్టీ బిగించుకుని, పరేడ్‌లో ఉన్న పోలీసులా నిటారుగా వంట చేసేది. నేను అటు కొడవలిలా వంగిపోయాను. మా ఇద్దరినీ పక్కపక్కన చూసి ఒకరోజు అత్తయ్యే అంది.

"ఒరేయ్, ఎక్కడన్నా మంచి చోటు చూడరా. నువ్వూ ఆ పిల్లా కూడా మంచమెక్కితే, మనకి ముగ్గురికీ కలిపి ఎవడు గంజి కాస్తాడు?"

మాట కొంచెం ముద్దగా వచ్చేది గానీ, హుకుం మాత్రం మునుపటిలాగే స్పష్టంగా ఉండేది. అలా చూడగా చూడగా దొరికింది ఆ గులాబీ మేడ.

దాన్ని నడిపే మేనేజరు అంతకుముందు గుడివాడ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి వంటల కాంట్రాక్టు చేసేవాడు. ఆ ప్రాంతంలో ఆయన చేతి బూరె తినకుండా కాపురం మొదలుపెట్టిన దంపతులు ఉంటే, ఆ పెళ్ళి చట్టప్రకారం చెల్లుతుందా అని నాకు అనుమానం. వాళ్ళమ్మ చాలాకాలం మంచంలో ఉండి పోయాక, వంటలు తగ్గించుకుని ఈ హోమ్ పెట్టాడు. మంచి మనిషి. ఇది మొహమాటానికి అంటున్న మాట కాదు. లోకంలో ఉన్న మగవాళ్ళందరూ ఆయనకి బావగార్లే. శనివారం సాయంత్రం అయ్యేసరికి ఫోను చేసేవాడు.

"బావగారూ, రేపు వస్తున్నారు కదా? అక్కయ్యగారు కూడానా? కంద బచ్చలి చేయిస్తున్నా."

మేము అనే మాట ఒక్కటే. వస్తున్నాం.

ఆదివారం బందరులో బస్సెక్కి, పెడన మీదుగా గుడివాడ వెళ్ళి, అక్కడ ఆటో పట్టుకుని, ఎండలో మెరిసే చెరువుల మధ్య నుంచి వెళ్ళేవాళ్ళం. గేటు దగ్గరికి వచ్చేసరికి చేపల మేత వాసనని ఓడించి పోపు వాసన ఎదురొచ్చేది. మాలాంటి వాళ్ళు ఇంకా కొన్ని కుటుంబాలు ఉండేవి. హాల్లో బల్లలు వరసగా వేసి, అరిటాకులు పరిచి, పెళ్ళిలో మగపెళ్ళివారికి చేసినట్టు చేసేవారు. అత్తయ్యని చక్రాల కుర్చీలో తెచ్చి బల్ల కొసన పెట్టేవారు. మందుల వేళ అని తనకి ముందే పెట్టేసేవారు. అక్కడ కూర్చుని పెత్తనం చేసేది.

"అమ్మాయ్, వాడికి పెరుగు తక్కువ వేశావు. వాడి మొహం చూసి మోసపోకు, తింటాడు."

"ఇంకా ఎక్కడ తింటాడండి టీచరమ్మగారూ, ఆకు చిరిగిపోయేలా ఉంది" అనేది ఆయా.

ఈ ఆయాది ముదినేపల్లి అవతల ఏదో పల్లె. అత్తయ్య గది ఉన్న వరస అంతా ఆవిడ చూసేది. ఎవరికీ లొంగని నోరు ఆవిడది. అత్తయ్యతో మాటకి మాట వేసుకునేది, అత్తయ్యకి అది బాగా నచ్చేది. బయల్దేరేటప్పుడు మేము అలవాటుగా, "మా అత్తయ్య ఎలా ఉంటోందమ్మా?" అని అడిగేవాళ్ళం.

"ఆవిడ అసలు ఇబ్బందే పెట్టరండి. పక్క గదుల్లో వాళ్ళు గంటకోసారి పిలుస్తారు. ఈవిడ ఉన్నారో లేరో కూడా తెలియదు. ఇలాంటి పేషెంట్లు పదిమంది ఉంటే నేను కూర్చుని టీవీ చూసుకుంటాను."

ఆ మాటకి మేము గర్వంతో ఉబ్బిపోయి బస్సెక్కేవాళ్ళం. బడిలో పిల్లాడికి మంచి మార్కులు వచ్చినట్టు ఉండేది. ఆ మార్కులు ఏ సబ్జెక్టులో వచ్చాయో మేము అడగలేదు.

ఒక బుధవారం మధ్యాహ్నం మేనేజరు ఫోను చేశాడు. బావగారూ అనలేదు. సార్ అన్నాడు. అత్తయ్యకి జ్వరం, వణుకు, మాట తేడాగా ఉంది, కారులో బందరు ఆసుపత్రికే తెచ్చేస్తున్నాం అన్నాడు. మేము ఆసుపత్రి గుమ్మంలో నిలబడి ఉంటే అత్తయ్యని కారులోంచి దింపారు. నన్ను చూసి మా నాన్న అనుకుంది. "తమ్ముడూ, చుట్టాలు వచ్చే టైమయింది, ఇంకా అన్నం వార్చలేదేంట్రా" అంది. మా నాన్న పోయి చాలా ఏళ్ళయింది. మా ఆవిడే ముందుకు వెళ్ళి, "వారుస్తున్నానండి పిన్నిగారూ, అయిపోవచ్చింది" అని చెయ్యి పట్టుకుంది.

మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. అది రక్తంలోకి పాకుతోంది, ఇంకో రోజు ఆలస్యమైతే చెప్పలేం అన్నారు. డాక్టరు గారు నాకంటే చిన్నావిడ, చాలా ఓపిక. "ఆవిడ రోజూ నీళ్ళు ఎంత తాగుతారండి?" అని అడిగింది.

"భోజనం అక్కడ చాలా బాగుంటుందండి" అన్నాను. "రెండు కూరలు, పప్పు, పచ్చడి, చారు..."

"నేను నీళ్ళ గురించి అడిగాను."

"మజ్జిగ కూడా ఇస్తారండి. చిక్కగా."

ఆవిడ కలం కింద పెట్టింది. "సార్, మీరు అక్కడికి వారం వారం వెళ్తారా?"

"ప్రతి ఆదివారం వెళ్తామండి."

"ఆవిడ నీళ్ళు తాగడం చూశారా?"

పక్కన మా ఆవిడ నా వైపు చూసింది. నేను గోడ మీద ఉన్న కిడ్నీ బొమ్మ వైపు చూశాను. ఆ బొమ్మలో రెండు కిడ్నీలూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది. నీళ్ళు తాగకపోతే ఇలాగే మళ్ళీ వస్తుందనీ, ఈ వయసులో మళ్ళీ వస్తే ఈసారిలాగా తిరిగి రాకపోవచ్చనీ డాక్టరు గారు మెల్లగా చెప్పింది.

అత్తయ్య కోలుకుంది. నన్ను నన్నుగా గుర్తుపట్టి, "ఏంట్రా ఆ గడ్డం, ఎవరన్నా పోయారా?" అని అడిగిన రోజున మా ఆవిడ వరండాలోకి వెళ్ళి ఏడ్చింది. ఆ సాయంత్రం అదే వరండాలో ప్రశ్న వచ్చింది. మళ్ళీ అక్కడికే పంపాలా?

"ఇంటికి తీసుకెళ్దామంటే మన మెట్లు అవే, ఆ తలుపూ అదే" అన్నాను.

"నా నడుమూ అదే" అంది మా ఆవిడ. "నేను వద్దనడం లేదు. వేరేచోటు మాత్రం ఎలా ఉంటుందో మనకేం తెలుసు? అసలు దీని సంగతే మనకి తెలియదని ఇప్పుడు తెలిసింది. ఈసారి మీరు వెళ్ళి అన్నం వైపు చూడకుండా చూడండి."

అత్తయ్యని తిరిగి అక్కడ దింపి, వచ్చే ఆదివారం అసలు తనిఖీ చేస్తానని శపథం చేశాను. అంత ఘోర శపథం చేసినవాడిని, శనివారం సాయంత్రం ఫోను మోగగానే "వస్తున్నా బావగారూ, నేనొక్కడినే" అనేశాను. పోలీసులు దాడికి వస్తూ, ముందు ఫోను చేసి టిఫినేంటని అడిగినట్టు. ఏం చెయ్యను, అడిగినవాడికి చెప్పకుండా వెళ్ళడం మా వైపు ఎవరికీ చేతకాదు.

ఆ ఆదివారం హాల్లో బల్లలు వేస్తుండగా నేను చల్లగా అత్తయ్య గదిలోకి జారుకున్నాను. నీరసం ఇంకా తగ్గలేదని ఆ రోజు ఆవిడని హాల్లోకి తేలేదు. గది శుభ్రంగా ఉంది. దుప్పటి ఉతికినది. మంచం పక్క స్టూలు మీద స్టీలు గ్లాసు, దాని మీద మూత. మూత తీశాను. నీళ్ళు అంచుదాకా ఉన్నాయి, ఒక్క గుక్క కూడా తగ్గలేదు. పొద్దున పోసిన నీళ్ళు.

"నీళ్ళు తాగలేదేంటి అత్తయ్యా?"

"దాహం వెయ్యలేదు."

"డాక్టరు గారు చెప్పింది కదా."

"చెప్పింది. నువ్వు వెళ్ళు, వడ్డిస్తుంటారు."

ఆవిడ మొహంలోకి చూశాను. పెదాలు ఎండి చెరువు గట్టు మట్టిలా చీలి ఉన్నాయి. దాహం వెయ్యని మనిషి పెదాలు కావు. గోడకి బెల్లు స్విచ్చి వైరుతో వేలాడుతోంది, ఆవిడ కుడిచేతికి అందేంత దగ్గరలో. వైరు మెలికలు కూడా విప్పలేదు. కొట్లోంచి తెచ్చి బిగించిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

పక్క మంచం ఖాళీగా ఉంది. దాని బెల్లు దానికుంది. నాకు వయసు వచ్చినా బుద్ధి రాలేదని మా ఇంట్లో అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న సంగతే. చెప్పులు విడిచి ఆ మంచం మీద పడుకుని, దుప్పటి గడ్డం దాకా లాక్కుని, బెల్లు నొక్కాను.

"ఏం చేస్తున్నావురా?" అంది అత్తయ్య.

"పేషెంటుని. మాట్లాడించకు, నీరసంగా ఉంది."

బెల్లు వరండా చివర మోగడం వినిపించింది. ఎవరూ రాలేదు. మళ్ళీ నొక్కాను. ఫ్యాను తిరుగుతోంది. కిటికీలోంచి చెరువు మీద ఒక కొంగ కనిపిస్తోంది. నేను చూస్తుండగానే ఆ కొంగ చేపని పట్టి, మింగి, అరిగించుకుని, మళ్ళీ ఆకలేసి ఇంకో చేప కోసం నిలబడింది. నాకు గడ్డం పెరుగుతున్నట్టు అనిపించింది. ఇంకాసేపు అలాగే ఉంటే చెరువులో పిల్ల చేపలు పెరిగి, పట్టుబడి, లారీ ఎక్కి వెళ్ళిపోయేవి కూడా. మొదట్లో నవ్వుకుంటూనే ఉన్నాను. తర్వాత, నిజంగానే నాకు లేవాల్సిన అవసరం వచ్చి, సగం శరీరం కదలక ఇలా పడుకుని ఉంటే అని ఒక్క క్షణం అనిపించింది. దుప్పటి కింద చెమట పట్టింది.

చివరికి చెప్పుల చప్పుడు అయింది. ఆయా గుమ్మంలో నిలబడింది. ఒక చేతిలో పులుసు గరిటె.

"మీరు ఇక్కడ పడుకున్నారేంటండీ? అక్కడ మీ ఆకులో పప్పు చల్లారిపోతోంది. సారు మీకోసం చెరువు గట్టు దాకా మనిషిని పంపారు."

"బెల్లు కొట్టానమ్మా."

"వినపడిందండి. టీచరమ్మగారు ఎప్పుడూ కొట్టరు కదా, ఆ మంచమేమో ఖాళీ. ఎలక వైరు కొరుకుతోందేమో అనుకున్నాం."

"వరసలో మిగతా ఆయాలేరి?"

"ఎవరుంటారండి ఆదివారం పూట? పొద్దున్నుంచీ కూరలు తరగడం, ఆకులు కడగడం, ఇప్పుడు వడ్డన. అందరం హాల్లోనే. మీరు త్వరగా తిని లేస్తే మేము ఇటు వస్తాం." తర్వాత నా మొహం చూసి గరిటె కొంచెం దించింది. "నన్నలా చూడకండి. తినేది మీరు, వండించేది ఆయన. మధ్యలో నేనేం చేశాను?"

నేను లేచి కూర్చున్నాను. నా ఆకు ఖాళీ కాకపోతే ఆ వరసలో ఎవరికీ బెల్లు పలకదు. నేను గుత్తి వంకాయని మెచ్చుకుంటూ మూడోసారి వేయించుకున్న ఆదివారాలన్నీ వరసగా గుర్తొచ్చాయి. కిందటి ఆదివారాలు ఎన్ని ఉన్నాయో అన్ని వంకాయలూ గొంతులో అడ్డం పడ్డాయి.

అత్తయ్య మాత్రం నా మీద మండిపడింది. "దాన్నెందుకు అంటావు? నేనే చెప్పాను. మావాళ్ళు వస్తారు, ముందు వాళ్ళని చూడమ్మా అని. ఆ పిల్ల వడ్డిస్తూ ఉంటే మధ్యలో నన్ను బాత్రూముకి తీసుకెళ్ళమని పిలుస్తానా? తినేవాళ్ళ ముందు నుంచి? అందుకే శనివారం మధ్యాహ్నం నుంచే నీళ్ళు తగ్గిస్తాను. అప్పుడు ఏ గొడవా ఉండదు."

"మిగతా రోజుల్లో?"

ఆవిడ కిటికీ వైపు చూసింది. "అలవాటైపోయింది" అంది.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ హాల్లో బల్ల కొసన కూర్చున్నప్పుడు అది ఆవిడ ఇల్లు. మేము ఆవిడ ఇంటికి భోజనానికి వచ్చిన చుట్టాలం. అవనిగడ్డ వంటిల్లే అక్కడికి నడిచొచ్చింది. ఈ గదిలో, లేవడానికి ఒకరి భుజం కావాల్సి వచ్చినప్పుడు మాత్రం అది పరాయిల్లు. పరాయింట్లో ఆవిడ జన్మలో ఎవరినీ ఏదీ అడగలేదు.

నేను హాల్లోకి వెళ్ళి నా ఆకు ముందు నిలబడ్డాను. కూర్చోలేదు. మేనేజరు పరుగున వచ్చాడు.

"ఏం బావగారూ, ఉప్పెక్కువైందా?"

"అన్నీ సరిపోయాయి. ఇక నుంచి నాకు ఇక్కడ భోజనం వద్దండి."

ఆ మనిషి మొహం చూడలేకపోయాను. పెళ్ళి పందిట్లో మగపెళ్ళివారు ఆకుల మీంచి లేచిపోతే ఎలా ఉంటుందో అలా అయిపోయాడు. చుట్టూ కుటుంబాలన్నీ ముద్దలు ఆపి చూస్తున్నాయి. పక్కకి తీసుకెళ్ళి సంగతంతా చెప్పాను. ఎలక సంగతి కూడా. ఆయన భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు.

"మీరందరూ ఎలా వస్తారో తెలుసా బావగారూ ఇక్కడికి?" అన్నాడు. "మొహాలు వేలాడేసుకుని వస్తారు. అమ్మనో నాన్ననో ఇక్కడ పెట్టామని లోపల పీకుతుంటుంది. ఇంత వేడన్నం పెడితే, వెళ్ళేటప్పుడు కాస్త తేలిగ్గా వెళ్తారు. మా అమ్మప్పుడు నాకెవరూ పెట్టలేదు."

నిజమే. తేలిగ్గానే వెళ్ళేవాడిని. బస్సులో పెడన రాకముందే నిద్రపోయేవాడిని. ఆయన మీద కోపం తెచ్చుకుందామని ఎంత ప్రయత్నించినా రాలేదు. అది నాకు ఇంకా కష్టంగా ఉంది. కోపం వస్తే వేరే హోమ్ వెతుక్కుని ఉండేవాడిని. కానీ ఈయనా మంచివాడే, ఆయా మంచిదే, అత్తయ్య అందరికంటే మంచిది, వీళ్ళందరి మంచితనం కలిసి ఒక మనిషిని ఎండగట్టేసింది.

ఆయన ఆలోచించి, ఆదివారాలు వంటకి బయటి నుంచి ఇద్దరిని పిలుస్తాననీ, ఆయాలు వరస వదిలి రారనీ, వచ్చినవాళ్ళు ఎవరికి వాళ్ళే వడ్డించుకోవాలనీ చెప్పాడు. చెప్పేటప్పుడు ఆస్తి రాసిచ్చేస్తున్నవాడిలా ఒక్కో మాటా లెక్కపెట్టుకున్నాడు.

అసలు యుద్ధం అత్తయ్యతో వచ్చింది. నా చుట్టాలు నా ఎదుట గరిటె పట్టుకుని అడుక్కుతిన్నట్టు వడ్డించుకోవడమా అని, కుర్చీలో హాల్లోకి రావడం మానేసింది. నాతో మాట్లాడటమూ మానేసింది. మేము వెళ్తే కళ్ళు మూసుకునేది. మా ఆవిడతో మాత్రం, "వాడు నా పరువు తీశాడే అమ్మాయ్" అందట. గ్లాసు మూత తీసి చూస్తే, ఒకసారి సగం ఉండేది, ఒకసారి నిండా ఉండేది. సగం ఉంటే ఆవిడ తాగిందో, ఆయా పారబోసిందో తెలిసేది కాదు. మూత్రం రంగు గురించి ఫోనులో ఆయాని అడిగే స్థితికి వచ్చాను. కంద బచ్చలి రుచి గురించి అరగంట వర్ణించగలిగిన మనిషిని, ఇప్పుడు ఆ రంగు గురించి అంత శ్రద్ధగా వింటున్నాను.

"పచ్చగానే ఉందండి, నిన్నటి కంటే నయం" అనేది ఆయా. "మీరు రోజూ ఇలా అడుగుతుంటే నాకు సిగ్గేస్తోంది."

"నాకూ వేస్తోందమ్మా. రేపు కూడా అడుగుతా."

మొన్న ఆదివారం ఒక్కడినే వెళ్ళాను. వద్దన్న భోజనమే అయినా, హాల్లోంచి కంచంలో అన్నం, పప్పు, దోసకాయ పచ్చడి పెట్టుకుని నేరుగా అత్తయ్య గదికి వచ్చి, స్టూలు మీద పెట్టి, పక్కన గ్లాసు పెట్టాను. ఆవిడ ఒక కన్ను తెరిచింది.

"తినవేం?"

చాలా రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

"నువ్వు తాగాక."

"నువ్వు తిన్నాక తాగుతా. వాడుక తెలుసుగా నీకు."

"తెలుసు. మనిద్దరిలో ఎవరం చుట్టమో ముందు తేల్చు. నేను చుట్టమైతే, నన్ను పస్తు పెట్టకూడదు."

ఆవిడ కంచం వైపు చూసింది. పప్పు మీద నెయ్యి గడ్డ కడుతోంది. ఆవిడ జన్మలో ఎవరి ఎదుటా అన్నం చల్లారనివ్వలేదు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆకలితో కళ్ళు తిరుగుతున్నాయి. ఇది పెంచి చెప్తున్నది కాదు, పొద్దున టిఫిను కూడా చెయ్యలేదు.

"మొండి వెధవా" అని, కుడిచెయ్యి చాచి గ్లాసు అందుకుంది. చెయ్యి వణికి కొంచెం మెడ మీద ఒలికింది. నేను సాయం చెయ్యబోతే కళ్ళతోనే ఆపింది. ఆగి ఆగి, మందు మింగినట్టు తాగి, ఖాళీ గ్లాసు నాకు చూపించింది, క్లాసులో పలక చూపించినట్టు. నేను తినడం మొదలుపెట్టాను. కాస్త ఉప్పు తక్కువైంది. ఆ మాట పైకి అనలేదు.

కంచం సగంలో ఉండగా ఆవిడ అటూ ఇటూ కదిలింది. నా వైపు చూసింది, బెల్లు వైపు చూసింది, మళ్ళీ గోడ వైపు తిరిగింది. నాకు అర్థమైంది. నేను నొక్కడానికి చెయ్యి చాపాను.

"నువ్వు నొక్కకు" అంది. "కంచం తీసుకుని అవతలికి వెళ్ళు."

వెళ్ళాను. వరండా దాటి, మెట్లు దిగి, చెరువు గట్టు మీద నిలబడ్డాను, చేతిలో కంచంతో, ఎవరో ఇంట్లోంచి గెంటేసినట్టు. లోపల ఏ చప్పుడూ లేదు. నొక్కదని అనుకున్నాను. బిగబట్టుకుని పడుకుంటుంది, మళ్ళీ రేపటి నుంచి గ్లాసు ముట్టదు. అన్నం ముద్ద చేతిలో అలాగే ఉండిపోయింది.

బెల్లు మోగింది. చాలా చిన్నగా, ఒక్కసారి, తెలియని వాళ్ళ తలుపు తట్టినట్టు మోగి ఆగిపోయింది.

నేను కిటికీ వైపే చూస్తూ చెప్పుల చప్పుడు కోసం నిలబడ్డాను. ఆలస్యమైంది. మరీ ఎక్కువ కాదు, కానీ ఆలస్యమైంది. ఆ తర్వాత వినిపించింది, దాని వెనకే ఆయా గొంతు.

"అమ్మయ్య, పిలిచారా టీచరమ్మగారూ. ఎలకేమో అనుకున్నానండి."

అత్తయ్య ఏదో తిట్టింది. మాట అర్థం కాలేదు గానీ, గొంతు గట్టు దాకా వినిపించింది. నేను చేతిలో ముద్ద నోట్లో పెట్టుకున్నాను.